గోదావరి సీమలో చిన్న పొట్టతో నాలుగు రోజులు

గోదావరి జిల్లాల మర్యాద గురించి విననివారుండరు. అతిథి "చాలు" అన్న తరువాతే అక్కడ అసలు వడ్డన మొదలవుతుంది. అటువంటి సీమకు, బరువు తగ్గటానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్న మనిషి పెళ్ళికి వెడితే ఎలా ఉంటుందో ఈ వేసవిలో దగ్గరుండి చూశాను. ఆ మనిషి మా వదిన. వయసు 44. అయిదు నెలల క్రితం హైదరాబాదులో ఆపరేషన్ అయింది. అప్పుడామె 112 కిలోలు. ప్రయాణం నాటికి 88.

ముందు ఆపరేషన్ సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. ఆమెకు చేసింది 'స్లీవ్' అనే రకం. జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగం, కొంచెం ఎక్కువే, తీసివేసి మిగతాదాన్ని అరటికాయలాంటి గొట్టంగా ఉంచుతారు. కొత్తలో అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే చిన్న కాఫీ గ్లాసెడు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసివేసిన భాగంలోనే. అందుకని ఆకలి కూడా మందగిస్తుంది. 'బైపాస్' అనే రెండో రకంలో కోడిగుడ్డు కంటే చిన్న సంచిని పైన ఉంచి, ఆహారాన్ని దాని నుంచి నేరుగా చిన్నపేగులోకి మళ్ళిస్తారు.

బెజవాడలో పొద్దున్న రైలెక్కాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు దాటాయి. కొవ్వూరు రాగానే బోగీలో అందరూ కిటికీల వైపు జరిగారు. వంతెన మీద పిల్లలు గోదావరిలోకి చిల్లర విసురుతున్నారు. పక్కనే పాత హేవలాక్ వంతెన స్తంభాలు. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసిన వంతెన అది.

రాజమండ్రి స్టేషనులో దిగబోతూ మా వదిన కళ్ళు బైర్లు కమ్మి సీటు పట్టుకుని కూలబడింది.

"పొద్దుటి నుంచీ నీళ్ళెన్ని తాగావు వదినా?" అని అడిగాను.

"రెండు గుక్కలు. రైల్లో ఆ లెట్రిన్లకు ఎవరు వెడతారయ్యా? ఊరు చేరాక ఒకేసారి తాగుదామనుకున్నా" అంది.

మన ఆడవాళ్ళలో చాలామంది ప్రయాణాల్లో చేసే పని ఇదే. పొట్ట మామూలుగా ఉన్నవాళ్ళు సాయంత్రం రెండు గ్లాసులు గటగటా తాగి బాకీ తీర్చుకోగలరు. ఈ ఆపరేషన్ అయినవారికి ఆ వీలు లేదు. ఒక్క గ్లాసు ఒక్కసారి తాగితేనే గుండెల్లో పట్టేసి వాంతి అవుతుంది. పొద్దున పోగొట్టుకున్న నీరు సాయంత్రం రాదన్నమాట. ఆపరేషన్ తరువాత మొదటి నెలల్లో మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసి రావటానికి ముఖ్య కారణాల్లో ఒంట్లో నీరు తగ్గటం ఒకటి.

ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టి, ఉప్పు వేసిన పలచని మజ్జిగ అరగంట సేపు గుక్క గుక్కగా తాగించాను. తేరుకుంది. నలుగురూ చెప్పే రోజ్ మిల్క్ తాగిద్దామని బంధువులు ముచ్చటపడ్డారు గాని, ఆ చక్కెర ఆమెకు పనికిరాదని వద్దన్నాను.

ధవళేశ్వరం మీదుగా కోనసీమ దారి పట్టాం. ఇక్కడ కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించక ముందు గోదావరి నీరు వరదగా వచ్చి సముద్రంలో కలిసేది, చేలు ఎండేవి. కాలువల్లో కొంచెం కొంచెంగా పారించాక అదే నీరు డెల్టాను పండించింది. వదినకు ఆ కాలువలు చూపించి, "నీ ఒంటికీ ఇదే పద్ధతి" అన్నాను. పావుగంటకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు గుక్కలు తాగితే ఎనిమిది గంటల్లో సుమారు 1600 నుంచి 1900 మిల్లీలీటర్లవుతుంది. రోజుకు కావలసింది దాదాపు అంతే. ఎండల్లో మరికొంత కావాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే చాలలేదని గుర్తు. కొబ్బరి నీళ్ళు కూడా గుక్కలుగా తాగవచ్చు, కిడ్నీ జబ్బు లేకపోతే. గ్యాసు పానీయాలు వద్దు.

ఆత్రేయపురంలో కారు ఆగకుండా ఎవరు పోగలరు? బియ్యపు పిండి జారు వేడి కుండ మీద ఒక్క క్షణంలో పొరగా మారటం చూడవలసిన వింత. 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "కాగితమంత పలచన, ఏం చేస్తుంది?" అని వదిన ఒకటి తినేసింది. ఇరవై నిమిషాలకు చెమటలు, గుండెదడ, కడుపులో మెలి, ఆ వెంటనే విరేచనం. పొర పలచనే గాని లోపల బెల్లమూ నెయ్యీ ఉన్నాయి కదా! తీపి ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగి, ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. దీన్ని 'డంపింగ్' అంటారు. బైపాస్ వారికి ఎక్కువ, స్లీవ్ వారికీ రావచ్చు. కొందరికి గంట నుంచి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు వస్తుంది. తిన్న కాసేపటికే వచ్చే మొదటి రకానికి అప్పటికప్పుడు చేయవలసింది పడుకోవటం. ఆ తరువాత నేర్చుకోవలసింది తీపిని దూరంగా ఉంచటం.

పెళ్ళివారింట అరిటాకు నిండా ముద్దపప్పు, పనసపొట్టు కూర, పులిహోర, గారెలు, బొబ్బట్లు. "ఇంత దూరం వచ్చి ఎంగిలి పడకుండా లేస్తావుటే అమ్మాయ్! మా వంట నచ్చలేదా?" అని పెత్తల్లిగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు. ఆవిడను పక్కకు పిలిచి సంగతి చెప్పాను. మరునాడు ఆవిడే చిన్న గిన్నెలో మెత్తటి పప్పు, గట్టి పెరుగు వేరే తీసి ఉంచారు! సిగ్గుపడి దాచటం కంటే ఇంటివారికి ముందే చెప్పటం మేలు.

తినే వరుస ఇది. ముందు మాంసకృత్తులు: పప్పు, పెరుగు, పనీరు. తినేవారికి గుడ్డు, చేప. తరువాత కూర. చివర రెండు ముద్దల అన్నం. రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలి. గుడ్డులో ఉండేది 6 గ్రాములే కనుక లెక్క చూసుకోవాలి. బాగా నమిలి, ఇరవై ముప్పై నిమిషాలు తినాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. నిండినట్టనిపించాక ఒక్క ముద్ద కూడా మర్యాద కోసం తినకూడదు.

మూడో రోజు అమలాపురంలో మందుల షాపు కాటా ఎక్కింది వదిన. మళ్ళీ 88. "మూడు వారాలుగా ఇంతే. రేపట్నుంచి పొద్దుట ఏమీ తినను" అంది. ఇదే ప్రమాదం. బరువు మధ్య మధ్య కొన్ని వారాలు నిలవటం సహజం. తిండి మానితే కరిగేది కండ. వారానికొకసారి, ఒకే కాటా మీద చూసుకుంటే చాలు. ఎక్కువ తగ్గుదల మొదటి 12 నుంచి 18 నెలల్లో ఉంటుంది. ఆ తరువాత కొంచెం తిరిగి పెరగటమూ మామూలే. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలుతుంది. పోషణ సరిగా ఉంటే చాలామందికి మళ్ళీ వస్తుంది.

"నాలుగు రోజులకేం" అని ఆమె మాత్రలు ఇంట్లో వదిలేసి వచ్చింది. అవి జీవితాంతం వాడవలసినవి సుమా! ఐరన్, కాల్షియం మాత్రల మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ ఆపరేషన్ అయినవారికి వాంతులు రెండు రోజులు దాటితే ఇంట్లో కూర్చోకండి. బి1 విటమిన్ తరిగిపోయి నడక తూలటం, ఒకటి రెండుగా కనబడటం, మతి తప్పటం జరగవచ్చు. పల్లెల్లో నీరసమనగానే గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలవచ్చు. "నాకు పొట్ట ఆపరేషన్ అయింది, ముందు బి1 ఇవ్వండి" అని డాక్టరుకు చెప్పండి. ఆపరేషన్ పేరు, తేదీ, వాడే మందులు చీటీ మీద రాసుకుని పర్సులో ఉంచుకోండి. కొలతగీతలున్న నీళ్ళసీసా, మాత్రలు, వేయించిన శనగపప్పు పొడి సంచిలో వేసుకుని, ఏ ఊరైనా నిశ్చింతగా వెళ్ళి రండి.