రెండు వందల పెట్రోల్

"పెట్రోల్ యాడికి పోతుందిరా?"

2025 జూలైలో ఒక రాత్రి అన్నం తింటుంటే నాన్న అడిగిన ప్రశ్న ఇది. మామూలుగానే అడిగాడు కానీ చూపు మాత్రం నా మీదే ఉంది.

"ఎన్కట 200 కొట్టిస్తే మూడు దినాలు వస్తుండె. ఇప్పుడు రెండు దినాలకే రిజర్వ్ పడుతుంది."

నాన్న ఏసీ మెకానిక్. ఇల్లు మియాపూర్‌లో, పనంతా కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో. రోజుకి 40 కిలోమీటర్ల దాకా తిరుగుతాడు. బండి 2016 మోడల్, 125 సీసీ. పెట్రోల్ డబ్బులు వేరేగా ఎవరూ ఇవ్వరు, విజిటింగ్ చార్జిలోంచే పోవాలి. నాకేమో కిందటేడే లైసెన్స్ వచ్చింది. కాబట్టి దొంగ ఇంట్లోనే ఉన్నాడని ఆయన లెక్క.

నాకు చాలా కోపం వచ్చింది. కోరిలేషన్ వేరు, కాజేషన్ వేరు అని క్లాసులో చదువుకున్నవాణ్ని కదా! నిరూపిద్దామని కూర్చున్నా.

ముందు అనుమానం ఈ20 మీద. అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి తీస్తారు. 2030కి అనుకున్న లక్ష్యాన్ని దేశం 2025లోనే అందుకుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపు అదే. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. కొత్త ఇంజన్లు కొంత సర్దుకుంటాయి. మా బండిది కార్బురేటర్, దానికంత తెలివి లేదు. పాత టూవీలర్లకి మైలేజ్ 3–4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 రిపోర్టులోనే ఉంది.

ఇది నాన్నకి చెప్పబోతే మాటలు రాలేదు. ఇంగ్లిష్ మీడియం కదా, ఎనర్జీ డెన్సిటీని తెలుగులో ఏమనాలో నాకు తెలీదు.

"పాలల్ల నీళ్లు కలిపినట్టా?" అన్నాడు.

"కాదు నాన్నా, అది కూడా మండుద్ది. కాకపోతే బలం తక్కువ."

"అట్ల చెప్పు. పొయ్యిల తుమ్మకట్టె బదులు కందికట్టె పెట్టినట్టు."

నా స్లైడ్ మొత్తం ఆయన ఒక్క లైన్లో చెప్పేశాడు.

షికాగోలో ఉండే మా అక్కని కూడా అడిగా. అక్కడ సీజన్‌ని బట్టి పెట్రోలే మారుతుందట. చలికాలంలో ఇంజన్ తేలిగ్గా స్టార్ట్ అవడానికి బ్యూటేన్ ఎక్కువ కలుపుతారు, దాంతో మైలేజ్ కొంచెం పడిపోతుంది. మనకి సీజన్ అంటే వానే. గట్టి వాన పడితే సైబర్ టవర్స్ దగ్గర ఫస్ట్ గేర్‌లో గంట. కిలోమీటర్ కదలకపోయినా పెట్రోల్ మాత్రం కదులుతుంది.

తర్వాత నాన్న పాత డైరీ తీశా. 2020 మొదట్లో లీటరుకి 50 కిలోమీటర్లు ఇచ్చినట్టు రాసుంది. నేను ఫుల్ ట్యాంక్ కొట్టించి కొలిస్తే ఇప్పుడు 44 వచ్చింది. అప్పట్లో హైదరాబాద్‌లో పెట్రోల్ 80 రూపాయల చుట్టూ ఉండేది. అంటే 200కి రెండున్నర లీటర్లు, 125 కిలోమీటర్లు. 2025 జూలైకి 107 దాటింది. అదే 200కి 1.86 లీటర్లు, 82 కిలోమీటర్లు.

పోయిన 43 కిలోమీటర్లలో 32 రేటు తినేసింది. మైలేజ్ తిన్నది 11. అందులో ఇథనాల్ వాటా, 4 శాతం వేసుకున్నా, నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. మిగతాది ట్రాఫిక్, బండి వయసు, టైర్లలో గాలి. రేటు పైసల్లో పెరుగుతూ పోయింది, 200 నోట్లు మాత్రం మారలేదు. అందుకే ఆయనకి తెలియలేదు.

కేసు గెలిచినట్టే. కానీ స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస నేను పెట్టలేదు.

జూన్‌లో రెండు రాత్రులు నాన్న పడుకున్నాక ఫ్రెండ్‌తో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గరికి వెళ్లా. రెండుసార్లూ కలిపి 55 కిలోమీటర్లు, 134 రూపాయలు. ఐదేళ్లలో పెరిగిన రేటు ముందు అదేమంత పెద్దది కాదు. కానీ ఆయన అడిగింది ఇథనాల్ గురించి కాదు కదా, నా గురించి. అంత కోపం ఎందుకొచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

లెక్కంతా చూపించి, చివర్లో ఆ వరుస కూడా చూపించా. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు.

"లెక్క మంచిగనే చేసినవ్. గా రాత్రే చెప్తే అయిపోవు గదా," అన్నాడు.

పొద్దున్నే ఇద్దరం బంకుకి వెళ్లాం. టైర్లలో గాలి కొట్టించా. నాన్న ఎప్పటిలా 200 తియ్యబోయి ఆగాడు.

"రెండు లీటర్లు కొట్టు," అన్నాడు బంకు అబ్బాయితో.

మీటర్ 214 దాటింది. మిగతా చిల్లర నేనిచ్చా.