బాపుతో బ్యాక్‌ప్యాకింగ్ - చెరుకు దీవిలో తొమ్మిది రోజులు

మారిషస్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి హనీమూన్, రెండోది తెలుగు సినిమా పాట. నేను ఆఫీసులో లీవు పెట్టి "మారిషస్ వెళ్తున్నా, మా నాన్నతో" అంటే టీమ్ మొత్తం నవ్వింది. అదీ బ్యాక్‌ప్యాకింగ్ అనేసరికి మేనేజరు కూడా నవ్వాడు.

బ్యాక్‌ప్యాక్ నాకే ఉంది లెండి. బాపుది రెక్సిన్ సంచి. దాని మీద బోధన్‌లో ఏదో ఎరువుల దుకాణం పేరు సగం చెరిగిపోయి ఉంటుంది.

ఇంతకీ మారిషస్సే ఎందుకంటే, చెరుకు కోసం. మాది బోధన్ దగ్గర పల్లె. బాపు పెళ్ళికి ముందు మూడు సీజన్లు శక్కర్‌నగర్‌లో, అంటే నిజాం షుగర్ ఫ్యాక్టరీలో, పాన్‌ల దగ్గర పనిచేశాడు. తర్వాత నిజాంసాగర్ కాలువ కింద చెరుకు పెట్టి ముప్పై ఏళ్ళు దానికే తోలాడు. 1930ల్లో నిజాం కాలంలో మొదలైన ఆ ఫ్యాక్టరీ, 2002లో ప్రైవేటు వాళ్ళ చేతికెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. బాపు రెండేళ్ళు వేరే ఫ్యాక్టరీకి లారీల్లో పంపి చూసి, గిట్టక వరిలోకి దిగాడు. అప్పట్నుంచీ పని పడినా సరే శక్కర్‌నగర్ దారిలో వెళ్ళడు, చుట్టు తిరిగి పోతాడు. ఎందుకని ఇంట్లో ఎవరమూ అడగలేదు.

సరే, ఖర్చుల సంగతి ముందే చెప్పేస్తాను, చాలామందికి కావలసింది అదే. ఇద్దరికీ కలిపి లక్షా పాతిక వేలు దాటకూడదని లెక్క వేసుకున్నాను. నిజామాబాద్‌లో దేవగిరి ఎక్కి ముంబై, అక్కడినుంచి విమానం. విమానం టికెట్లే 82 వేలు మింగేశాయి. మన పాస్‌పోర్టుకి ముందుగా వీసా అక్కర్లేదు కాబట్టి ఆ ఖర్చు లేదు. మాహెబర్గ్ అని విమానాశ్రయానికి దగ్గర్లో పాత ఊరు ఒకటుంది. రిసార్టులన్నీ వేరే తీరాల్లో ఉంటాయి, ఇక్కడ మామూలు జనం ఉంటారు, అందుకని గదులు చవక. రోజుకి మన డబ్బుల్లో రెండున్నర వేలకి వంటగది కూడా ఉన్న గది దొరికింది. వెళ్ళింది ఆగస్టులో. అది వాళ్ళకి చలికాలం, చెరుకు కోతల కాలం.

తిండికి దాల్‌పురి. మన పూర్ణం లేని బొబ్బట్టు అనుకోండి, లోపల శనగపప్పు, పైన బీన్స్ కూర, పచ్చడి. రెండేసి కలిపి కాగితంలో చుట్టి ఇస్తారు. మధ్యాహ్నం అదే, కొన్నిసార్లు రాత్రికీ అదే. నాలుగో రోజుకి బాపు గదిలో అన్నం వండి, ఇంటి నుంచి తెచ్చిన పచ్చిపులుసు పొడి.. అదేం పొడో అమ్మకే తెలియాలి.. కలిపాడు.

తిరగడమంతా బస్సుల్లోనే. అక్కడ వాళ్ళ ముసలివాళ్ళకీ విద్యార్థులకీ బస్సు ఉచితం. కండక్టరు మా ఇద్దరికీ టికెట్ కొట్టాడు. "మన దగ్గర ఆడోళ్ళకు ఫిరీ, గీడ ముసలోళ్ళకు ఫిరీ. నేనేడికి పోయినా పైసల్ కట్టుడే" అన్నాడు బాపు.

బస్సు కిటికీలోంచి చూస్తే చెరుకే చెరుకు. మధ్యమధ్య చేలల్లో నల్లరాళ్ళ గుట్టలు, చిన్న గుడుల్లాగా. అది అగ్నిపర్వతపు నేల, ఆ రాళ్ళన్నీ ఏరి కుప్పపోస్తే తప్ప చెరుకు నాటలేరు. ఎవరు ఏరారో వేరే చెప్పాలా.. బానిసలు, వాళ్ళ తర్వాత మనవాళ్ళు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కూలీలతో మొదలై, దాదాపు అయిదు లక్షల మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. తెలుగువాళ్ళు కాకినాడ పక్కన కోరంగి నుంచి వెళ్ళారు. 1843లో వాళ్ళని తీసుకెళ్ళిన ఓడ పేరే కొరింగా పాకెట్. వాళ్ళు దిగిన మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని పక్కనున్న బస్టాండు పేరు ఇమ్మిగ్రేషన్ స్క్వేర్.

ఆ బస్టాండులోనే ఒక పెద్దాయన తగిలాడు. ఇంటిపేరులాంటిది చివర "డు" తో ఉంది కాబట్టి మనవాడేనని పట్టేశాం. బాపు ఆనందంగా తెలుగులో మొదలుపెట్టాడు. ఆయనకి తెలుగు రాదు. ఉగాదికి అక్కడ దేశమంతటికీ సెలవు, ఆయన రామభజన పాటలు తప్పులేకుండా పాడతాడు, ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ చేస్తాడు, కానీ మాట్లాడడం రాదు. ఆయనకి వచ్చింది క్రియోల్, కాస్త భోజ్‌పురి. బాపుకి వచ్చింది నిజామాబాద్ ఉర్దూ. చివరికి ఇద్దరు తెలుగువాళ్ళు ఆ రెండిటినీ కలిపి ముప్పావుగంట మాట్లాడుకున్నారు. దేనిగురించంటారా, ఎరువుల ధరల గురించి!

అసలు విషయానికొస్తాను. పాంప్లెమూస్ దగ్గర బో ప్లాన్ అనే చోట పాత చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 1999లో మూసేశారు. 2002లో, అంటే మనది ప్రైవేటుకి వెళ్ళిన ఏడాదే, దాన్ని మ్యూజియం చేశారు. యంత్రాలు ఎక్కడివక్కడే ఉంచి, రంగులేసి, మధ్యలో నడవడానికి దారులు కట్టారు. బాపుని తీసుకెళ్ళాలా వద్దా అని నాకు చాలా సందేహముండేది. లోపలికి వెళ్ళాక నేను బోర్డులు చదవబోతుంటే బాపు ఆపాడు. "ఇది పాన్. ఇండ్ల ఉడుకుతది. గింజ కట్టిందా లేదా అని గాజుపలక మీద బొట్టు వేసి చూస్తరు" అంటూ ఒక్కొక్కటీ చూపించుకుంటూ పోయాడు. చేత్తో ఆ ఇనుమును తట్టాడు. ఎవరో ఫ్రెంచి జంట గైడు అనుకుని మా వెనకే వచ్చారు.

చివర్లో నిలబడి, "మనది ఇంతకన్న పెద్దది రా" అన్నాడు. కాసేపాగి, "వీళ్ళు బంద్ పెట్టినంక కూలోళ్ళకు ఏమిచ్చిండ్రట?" అని అడిగాడు.

ఇచ్చారు. 1975 నుంచి యూరప్ వీళ్ళ చక్కెరని ఖాయమైన మంచి రేటుకి కొనేది. అది పోతోందని ముందే తెలిసి, 2001లోనే స్వచ్ఛంద విరమణ పథకం పెట్టి, వెళ్ళిపోయే కూలీలకి నగదుతోపాటు ఇంటిస్థలం ఇచ్చారు. యూరప్ రేటు 36 శాతం తెగ్గోసింది, 2009లో ఆ ఒప్పందమూ పోయింది. ఫ్యాక్టరీలు తగ్గి తగ్గి మూడు మిగిలాయి. ఆ మూడూ పిప్పితో కరెంటు చేస్తాయి, ముడిచక్కెర బదులు ఖరీదైన రకాలు చేస్తాయి. రైతుకి తన చెరుకులోంచి వచ్చిన చక్కెరలో 78 శాతం వాటా. అక్కడ అంతా బాగుందని కాదు, కుర్రాళ్ళు ఎవరూ చెరుకు కొట్టడానికి రావడంలేదు, చిన్న రైతులు వదిలేసిన చేలు మేమే చూశాం. కానీ ఫ్యాక్టరీ మూసేముందు ఎవరో కూర్చుని లెక్క వేశారు. మనదగ్గర తెరిపిస్తామనే మాట ప్రతి ఎన్నికకీ వింటున్నాం, 2024లో ప్రభుత్వం ఒక కమిటీ కూడా వేసింది. ఆలోగా చిమ్నీ కింద తుప్పు దాని పని అది చేసుకుపోతోంది.

మ్యూజియం బయట రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు. నల్లగా, తడిగా ఉన్న ఖరీదైన రకం బాపు నోట్లో వేసుకుని, "ఇది బెల్లం గదరా!" అన్నాడు. అయినా అరకిలో కొన్నాడు. చెరుకు ముక్క కూడా సంచిలో పెట్టబోయాడు కానీ ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని ఆపాను.

తిరిగొచ్చిన మూడో రోజు ఆ పొట్లం పట్టుకుని శక్కర్‌నగర్ వెళ్ళాడట, పాన్‌ల దగ్గర తనతో పనిచేసినవాళ్ళు ఇద్దరున్నారు అక్కడ. ఈ సంగతి అమ్మ ఫోన్లో చెప్పింది. వాళ్ళు కూడా బెల్లమే అన్నారట.

ఇప్పుడు ఫిజీ టికెట్ ఎంతని అడుగుతున్నాడు. అక్కడా చెరుకే, అక్కడా మనవాళ్ళే. చూశాను, ఒక్కరికే లక్ష దాటుతోంది. ముందు వైజాగ్ నుంచి ఓడలో అండమాన్ వెళ్దామని బేరం పెట్టాను, ఇంకా ఒప్పుకోలేదు.