కాలవ దాటకుండా తీసిన ఫొటో

‘ఏరా, అంత పెద్ద కెమెరా కొన్నావంట గదా! ఆ గూట్లో పిల్లలున్నాయో లేవో తీసి చూపించు.’

పోయిన సంక్రాంతికి రేపల్లె దగ్గరున్న మా పల్లెకు వెళ్లగానే తాతయ్య అడిగిన మొదటి మాట ఇది. మా ఇంటి ముందు కాలవ ఉంది. అవతలి గట్టు మీద పెద్ద రావిచెట్టు. దాని కొమ్మల చీలికలో గరుడ పక్షి గూడు కట్టింది. తలా రొమ్మూ తెల్లగా, మిగతా ఒళ్లంతా ఇటుక రంగులో ఉంటుందే, అదే. మా నాయనమ్మకి ఇప్పటికీ అది కనపడితే లెంపలేసుకుని దణ్ణం పెట్టుకోవడం అలవాటు. మోకాళ్ల నొప్పులతో తాతయ్య రెండేళ్లుగా పొలం వెళ్లడం లేదు. అరుగు మీద మంచం వేసుకుని ఆ పక్షి చేపని ఎత్తుకెళ్లడం, పుల్లలు తెచ్చి పేర్చడం చూస్తూ కూర్చుంటాడు. గూట్లో ఏముందో మాత్రం ఆయన చూపుకి ఆనడం లేదు.

‘అదెంత పని తాతయ్యా!’ అనేశా. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నా.

మాది తెనాలి. బాపట్లలో ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. బోనస్ డబ్బులతో ఒక డీఎస్‌ఎల్‌ఆర్, 200-500 ఎంఎం ఎఫ్/5.6 జూమ్ లెన్సు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. నాలుగు నెలలకే 500 చాలదనిపించింది. అప్పుడు నెట్‌లో కంటపడింది టెలికన్వర్టర్. లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగించే చిన్న గాజు గొట్టం అన్నమాట. (ఫోన్ కెమెరా ముందు తగిలించుకునేవి వేరు.) 1.4ఎక్స్, 2ఎక్స్ రెండు రకాలూ ఉన్నాయి. రెండు పెద్దదా, ఒకటీ పాయింట్ నాలుగు పెద్దదా? ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు కాబట్టి 18 వేలు పెట్టి 2ఎక్స్ కొన్నా. లెన్సుకి సరిపోతుందా అని కంపెనీ లిస్టు కూడా చూశా. ‘బిగుసుకుంటుంది’ అనే మాట వరకు చదివి ఆపేశా. ‘ఆటోఫోకస్ పనిచేయదు’ అని కిందే చిన్న అక్షరాల్లో ఉంది. రోజూ డాక్యుమెంటేషన్ చదివే ఉద్యోగం నాది!

భోగి మర్నాడు పొద్దున్నే మేడ ఎక్కా. మ్యాప్‌లో కొలిస్తే గూడు సుమారు 80 మీటర్ల దూరం. కాలవ మీద పొగమంచు, దాని వెనకాల వరి కోసేశాక చల్లిన మినుము చేలు. గూట్లో తెల్లటి తల ఒకటి కదులుతోంది. ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది తప్ప ఎక్కడా ఆగడం లేదు. చేత్తో తిప్పి ఫోకస్ చేద్దామంటే కెమెరా కిటికీలో అంతా చీకటి. రెండొందల ఫొటోలు తీసి, వాటిలో కాస్త బాగున్నది ఫోన్‌లోకి ఎక్కించి తాతయ్యకి చూపించా.

కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చూశాడు. ‘ఇదేందిరా... గూడా, బూడిద గుమ్మడికాయా?’

అసలు ఏం జరిగిందో ఆ రాత్రి కాగితం మీద లెక్కేస్తే అర్థమైంది. ఎఫ్ నంబర్ అంటే లెన్సు ఫోకల్ లెంగ్తుని అది వెలుతురు తీసుకునే రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేది. నా లెన్సుకి 500ని 5.6తో భాగిస్తే ఆ రంధ్రం సుమారు 89 ఎంఎం. టెలికన్వర్టర్ వెనకాల బిగించేది కాబట్టి ముందున్న రంధ్రం పెరగదు. 2ఎక్స్ పెట్టాక లెన్సు 1000 ఎంఎం అవుతుంది, రంధ్రం మాత్రం అదే 89. భాగిస్తే ఎఫ్/11. అంటే లోపలికి వచ్చిన కాస్త వెలుతురునే నాలుగు రెట్లు ఎక్కువ వైశాల్యంలో పరుస్తున్నాం. ఒక దోసె పిండితో నాలుగు దోసెలు పొయ్యడమే! సెన్సర్ మీద ప్రతి చోటా పడే వెలుతురు నాలుగో వంతే. ఐఎస్‌ఓ 1600 సరిపోయే చోట 6400 పెట్టాలి, లేదంటే షట్టర్ స్పీడు నాలుగో వంతుకి దించాలి. మొదటిదానికి ఫొటోలో ఇసక రాలినట్టు గ్రెయిన్ వస్తుంది, రెండోదానికి పక్షి తల తిప్పితే చాలు, మసకే.

ఇంతవరకూ పోయింది నా 18 వేలే. అసలు తప్పు ఆ తర్వాత చేశా.

కనుమ రోజు మా బావ, ‘ఈ దూరం గోలంతా ఎందుకు, అవతలికే పోదాం పద’ అన్నాడు. నాకూ సబబుగానే అనిపించింది. చప్టా దాటి గట్టు మీదగా చెట్టు కిందికి వెళ్లాం. మేం ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే పక్షి గూట్లోంచి లేచిపోయింది. పైన గుండ్రంగా తిరుగుతూ సన్నటి గొంతుతో ఒకటే అరుపు. కింద నుంచి చూస్తే పుల్లలు తప్ప ఏమీ కనపడలేదు. దిగి వస్తుందేమోనని పావుగంట అక్కడే నిలబడ్డాం. అది రాలేదు గానీ కాకులొచ్చాయి. ముందు రెండు, తర్వాత నాలుగైదు. ఒకటి గూటి అంచు మీదే వాలింది.

కాలవ ఇవతల నుంచి తాతయ్య కేక. అరుగు దిగి, కర్ర పట్టుకుని గట్టు దాకా వచ్చేశాడు. ‘రండ్రా ఇవతలికి! మీరక్కడుంటే అది గూట్లోకి ఎట్టొస్తది?’

ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. సాయంత్రానికి పక్షి గూడెక్కింది. లోపల ఏం మిగిలిందో ఎవరికీ తెలీదు.

రిపబ్లిక్ డే సెలవుకి మళ్లీ వచ్చినప్పుడు బాపట్లలో ఉండే మా కాలేజీ సీనియర్‌ని కలిశా. పదేళ్లుగా పిట్టల ఫొటోలు తీస్తున్నాడు. నా కథంతా విని నవ్వి, సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్లాడు. చదువుకునే రోజుల్లో ఆదివారమైతే మేం తేలేది అక్కడే. తన 1.4ఎక్స్‌ని నా లెన్సుకి బిగించి ఇచ్చాడు.

‘దీంతో నీ 500 కాస్తా 700 అవుద్ది. ఎఫ్/8. వెలుతురు సగమే పోద్ది. నీ కెమెరాకి ఎఫ్/8 దగ్గర మధ్య పాయింట్ ఒక్కటే ఫోకస్ పడుద్ది, మిగతావి మర్చిపో’ అన్నాడు. నిజమే. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో చాలావాటికి ఆటోఫోకస్ ఎఫ్/5.6 వరకే, కొన్నిటికి ఎఫ్/8 వరకు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు ఎఫ్/11 దగ్గర కూడా పట్టుకుంటాయి, వెలుతురు తక్కువైతే కాస్త నిదానంగా.

పొద్దున ఏడున్నరకి అలల అంచున పరుగెత్తే ఉల్లంకి పిట్టల ఈకలు లెక్కపెట్టేలా వచ్చాయి. మిట్టమధ్యాహ్నం అదే చోట, అదే సెట్టింగులతో తీస్తే అన్నీ నీళ్లలో కరిగినట్టున్నాయి. ‘అన్నా, గాజు పాడైందా?’ అన్నా. ‘గాజు కాదురా, గాలి. ఇసక కాలితే పైన గాలి మరుగుద్ది. పిట్టతో పాటు ఆ మరుగుని కూడా ఇది పెద్దది చేస్తది’ అన్నాడు. లెన్సులో ఉన్న లోపం, చేతి వణుకు, మధ్యలో ఉన్న గాలి... టెలికన్వర్టర్ అన్నిటినీ సమానంగా పెంచుతుంది. దాని సొంత గాజు లోపం కూడా కాస్త కలుపుతుంది.

అలాగని పిట్ట అనగానే బిగించెయ్యక్కర్లేదు. తర్వాతి రోజు గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లాం. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మనుషుల్ని పట్టించుకోకుండా కాపురాలు చేస్తుంటాయి. అక్కడ 700తో చూస్తే కొంగ ముక్కు ఒక ఫొటోలో, కాళ్లు ఇంకో ఫొటోలో. తీసి సంచిలో పెట్టేశా.

తెనాలి వచ్చాక సీనియర్ చెప్పిన పరీక్ష కూడా చేశా. మా మేడ మీద స్టాండు వేసి, వీధి చివర కొట్టు బోర్డు మీద చిన్న అక్షరాల్ని కన్వర్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీశా. లేకుండా తీసినదాన్ని కంప్యూటర్‌లో 1.4 రెట్లు పెంచి రెండూ పక్కపక్కన పెట్టా. కన్వర్టర్‌తో తీసినదాంట్లో ఫోన్ నంబర్ స్పష్టంగా చదవొచ్చు, రెండోదాంట్లో 3, 8 ఒకేలా ఉన్నాయి. తేడా కనపడింది కాబట్టి ఇది నా లెన్సుకి పనికొస్తుంది. కనపడకపోతే డబ్బు దండగ, క్రాప్ చేసుకుంటే చాలు. మీరు కొనాలనుకుంటే ముందు ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకుని ఈ ఒక్క పరీక్ష చెయ్యండి.

ఇంకో రెండు మాటలు. లెన్సు ఎఫ్/2.8 అయితే 2ఎక్స్ పెట్టినా ఎఫ్/5.6 దగ్గర ఉంటారు, దిగుల్లేదు. ఎఫ్/4 అయితే 1.4ఎక్స్ హాయిగా నడుస్తుంది. ఎఫ్/5.6, 6.3 జూములైతే 1.4ఎక్స్ దగ్గరే ఆగిపోండి, అదీ మంచి ఎండలో. ఏ లెన్సుకి ఏది సరిపోతుందో కంపెనీ లిస్టు చివరిదాకా చదవండి. కొన్ని కన్వర్టర్ల ముందు గాజు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, లోపల చోటులేని లెన్సుకి బలవంతంగా బిగిస్తే గాజుకి గాజు కొట్టుకుంటుంది. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-500కి ఎక్స్‌టెండర్ (వాళ్లు దాన్ని అలా పిలుస్తారు) పెడితే జూమ్ 300 నుంచే పనిచేస్తుంది, కింద భాగం పోయినట్టే. కెమెరాతో పాటు వచ్చే చిన్న కిట్ లెన్సులకి అసలు ఆశే వద్దు.

సీనియర్ 1.4ఎక్స్‌ని నెల రోజులు నా దగ్గరే ఉంచాడు. శివరాత్రికి మళ్లీ రేపల్లె రైలెక్కా. ఈసారి తొందరపడలేదు. మంచు విడిచాక, నేల ఇంకా వేడెక్కకముందు, తొమ్మిది లోపు మేడ ఎక్కా. సూర్యుడు నా వెనకే. నాయనమ్మని అడిగి చిన్న గుడ్డ సంచిలో బియ్యం పోయించుకుని పిట్టగోడ మీద పెట్టి, దాని మీద లెన్సు ఆనించా. స్టాండు కన్నా కుదురుగా కూర్చుంది. ఎఫ్/8, సెకనులో 1600వ వంతు, ఐఎస్‌ఓ 400. మధ్య పాయింట్ గూటి అంచు మీద పెట్టి ఎదురుచూశా.

నలభై నిమిషాలకి తల్లి కాళ్లలో చేపతో వచ్చింది. గూట్లోంచి గోధుమ రంగు తల ఒకటి పైకి లేచింది, నోరు తెరుచుకుని.

తాతయ్యకి ఫోన్ ఇచ్చా. రెండు వేళ్లతో పెద్దది చేయడం నాయనమ్మ నేర్పినట్టుంది, చాలాసేపు అటూ ఇటూ జరుపుతూ చూశాడు. కంట్లో మెరుపు కూడా కనపడుతోంది ఫొటోలో.

‘ఒక్కటేనా?’ అన్నాడు.

‘ఒక్కటే తాతయ్యా.’

గరుడ పక్షి ఒక్కోసారి ఒకటే గుడ్డు పెడుతుంది, ఎక్కువగా రెండు పెడుతుంది. కనుమ రోజు గూటి అంచు మీద వాలిన కాకి ఉత్తి నోటితో వెళ్లిందో లేదో నాకెప్పటికీ తెలీదు. తాతయ్య కూడా ఇంకేం అడగలేదు. ఫోన్ నా చేతికిచ్చి, ‘ఇట్టా ఇవతల నుంచే తీసుకో’ అన్నాడు.

హైదరాబాద్ వచ్చాక 2ఎక్స్‌ని 14 వేలకి అమ్మేశా. కొన్న కుర్రాడికి ఎఫ్/2.8 లెన్సు ఉందని రూఢి చేసుకున్నాకే ఇచ్చా. ఇంకొంచెం డబ్బు కలిపి సొంతంగా 1.4ఎక్స్ కొనుక్కున్నా. ఇప్పుడెవరైనా ‘అదెందుకు?’ అంటే దగ్గరికి వెళ్లడానికి అనను, దూరంగా ఉండటానికి అంటా.

ఉగాది ముందు రోజు తాతయ్య ఫోన్ చేశాడు. పిల్ల గూట్లోంచి కొమ్మ మీదికొచ్చి, రెండుసార్లు రెక్కలు కొట్టుకుని, కాలవ మీదగా ఎగిరి మా ఇంటి ముందు కొబ్బరిచెట్టు మీద వాలిందట.

‘ఫొటో తీయడానికి నేనొచ్చేదా తాతయ్యా?’ అన్నా.

‘అక్కర్లేదులేరా, నాకు కనపడతానే ఉంది’ అన్నాడు.