ఓనరుగారి దగ్గర ఉంచిన డబ్బు

నవంబరులో ఆఫీసు నుంచి ఓ మెయిల్ వచ్చింది. వచ్చే ఏడాది జీతంలో, బోనస్‌లో కొంత ఇప్పుడే తీసుకోకుండా కంపెనీ దగ్గరే ఉంచుకోవచ్చట. చేతికొచ్చిన ఏడాదే ఇన్‌కమ్ టాక్స్. డిసెంబరు 31 లోపల చెప్పాలి. "పై వరస వాళ్ళకే ఇస్తారు, కంగ్రాట్స్" అన్నాడు పక్క సీటాయన. నేనుండేది న్యూజెర్సీలో, పుట్టింది అరసవల్లిలో. ఆ మెయిల్ చదువుతుంటే నాకు ఊక వాసన వచ్చింది.

మా నాన్న శ్రీకాకుళం దగ్గర ఓ రైసు మిల్లులో గుమస్తా. సైకిలు మీద వెళ్ళొచ్చేవాడు. ప్రతి సంక్రాంతికీ ఓనరుగారు బోనస్ ఇవ్వబోతే, "మీ కాడే ఉంచండి బాబూ, పాప పెళ్ళికి తీసుకుంతాను" అనేవాడు. ఇంట్లో ఉంటే ఖర్చయిపోతుందని భయం. ఓనరుగారికీ అది బాగానే ఉండేది. ధాన్యం కొనే రోజుల్లో ఆ డబ్బు కూడా తిరిగేది, పైగా గుమస్తా ఇంకో మిల్లుకి పోడు. లెక్కంతా ఎర్ర అట్ట పుస్తకంలో. అలా 11 ఏళ్ళు. తర్వాత మిల్లు మునిగింది. బ్యాంకువాళ్ళొచ్చి బస్తాలు లెక్కపెట్టుకుని తాళం వేసి వెళ్ళిపోయారు. ఓనరు మోసగాడు కాదు, ఆయన ఇల్లూ పోయింది. అదే బాధ, కడుపారా తిట్టుకోడానికి కూడా లేదు. నా పెళ్ళికి అమ్మ గాజులు వెళ్ళాయి.

అమెరికాలో ఈ ఏర్పాటుని నాన్‌క్వాలిఫైడ్ డిఫర్డ్ కాంపెన్సేషన్ అంటారు. పేరు తీసేస్తే మిగిలేది మా నాన్న మాటే: మీ కాడే ఉంచండి బాబూ. నా 401కె డబ్బు వేరే ట్రస్టులో ఉంటుంది, కంపెనీ మునిగినా దాని అప్పులవాళ్ళు ముట్టుకోలేరు. కానీ దాన్లో ఏటా ఇంతే వెయ్యాలని గీత ఉంది. దీన్లో ఆ గీత లేదు, ఆ రక్షణా లేదు. నేను ఎంచుకునే ఫండ్లు కూడా లెక్క కోసం రాసుకునేవే. నిజంగా ఉన్నది ఒక్క మాట, ఫలానా ఏడు ఇస్తామని. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మాత్రం ఆ డబ్బు మీద హక్కు వచ్చిన నాడే లెక్కలోకి వచ్చేస్తాయి. కంపెనీ కూడా నాకు ఇచ్చిన ఏడాదే దాన్ని ఖర్చుగా చూపించుకోగలదు. అయినా దానికి లాభమే. డబ్బు దాని చేతిలో ఉంటుంది, మనిషి కదలడు. కంపెనీ తన వంతు కలిపేదైతే, ముందే మానేస్తే ఆ భాగం పోయేలా రాసుకుంటుంది.

కొన్ని కంపెనీలు ఈ డబ్బుని 'రబ్బై ట్రస్టు'లో పెడతాయి. 1980లో ఒక యూదు మతగురువు కోసం ఆయన సమాజం పెట్టిన ట్రస్టు మీద పన్నుల శాఖ చెప్పిన అభిప్రాయం నుంచి ఆ పేరొచ్చింది. కొత్త యజమాని మనసు మారినా డబ్బు ఎగ్గొట్టకుండా అది ఆపుతుంది. దివాలా తీస్తే మాత్రం అప్పులవాళ్ళకి ఆ ట్రస్టు తలుపూ తెరుచుకుంటుంది.

ఎన్రాన్ 2001 డిసెంబరు 2న దివాలా పిటిషన్ వేసింది. అంతకు ముందు వారాల్లో కొందరు పెద్ద ఉద్యోగులు ఇలా దాచుకున్న డబ్బు, సుమారు 5 కోట్ల 30 లక్షల డాలర్లు, ముందే తీసేసుకున్నారు. అడిగినా దొరకనివాళ్ళు అప్పులవాళ్ళ వరసలో నిలబడ్డారు. 2004లో 409ఎ సెక్షన్ వచ్చింది. ఎంత ఉంచుతావో, ఎప్పుడు తీసుకుంటావో ముందే రాసివ్వాలి. ఉద్యోగం మానడం, చావు, వైకల్యం, కంపెనీ చేతులు మారడం, అనుకోని ఆపద, ముందే రాసుకున్న తేదీ. వీటికి తప్ప ఇవ్వకూడదు. తప్పితే మామూలు పన్ను మీద ఇంకో 20 శాతం, వడ్డీ అదనం, అదీ ఉద్యోగి నెత్తినే. తప్పు కాగితం రాసింది కంపెనీ అయినా సరే! ఇది నాకిప్పటికీ మింగుడు పడలేదు.

ఆదివారం ఫోన్లో నాన్నకి చెప్పాను.

"ఏటమ్మా, మీ ఓనరు కాడ ఉంచుతావేటి?"

"అలాంటిదే నాన్నా. చాలా పెద్ద కంపెనీ."

"మా మిల్లూ పెద్దదేనమ్మా. మునిగిపోతే ముందర ఎవులికిస్తారు?"

బోలెడు పేజీల కాగితాల్లో నేను రెండు రాత్రులు వెతికి పట్టుకున్నది అదే. ముందు తాకట్టు ఉన్నవాళ్ళకి. తర్వాత మిగిలితే, మిగతా అప్పులవాళ్ళతో పాటు నాకు.

నాకింకా గ్రీన్ కార్డు రాలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి 60 రోజులు. మా ప్లాన్ ప్రకారం అప్పుడు దాచిందంతా ఒక్కసారే చేతికిస్తారు, అంతా ఒక్క ఏడాది ఆదాయమై కూర్చుంటుంది. ఇక పన్ను తగ్గేదేముంది?

అయినా డిసెంబరు ఆఖర్లో ఓ రాత్రి ఫారం తెరిచాను. బోనస్‌లో 5 శాతం. ఎప్పుడు తీసుకుంటావు అన్న చోట, మా పాప కాలేజీకి వెళ్ళే ఏడు.

తర్వాతి ఆదివారం నాన్న అడిగాడు. "ఉంచేవా?"

"లేదు నాన్నా."

"మంచి పని చేసేవు" అన్నాడు. ఆదివారం కదా, గుడి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం ఉన్నారని చెప్పడం మొదలుపెట్టాడు.