తీగ మోయగలిగినంతే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే అంటారు. ఇంట్లో క్రిప్టో మైనింగ్ రిగ్గు పెడతానని మా అన్నయ్య కొడుకు పట్టుబట్టడంతో, సామాను కొనేముందు వాడిని వెంటబెట్టుకుని అక్కడో రిపేరు దుకాణానికి వెళ్లాను.

వాడి చేతిలో గ్రాఫిక్స్ కార్డుల జాబితా ఉంది. దుకాణదారు దాన్ని పక్కనపెట్టి, సొరుగులోంచి ఒక సాటా కనెక్టరు తీసి నా అరచేతిలో పెట్టారు. నల్లగా కరిగిపోయింది.

"మైనింగ్ రిగ్గులోదే సార్. కార్డు మంచిగనే ఉంది. తీగ కాలింది."

కారణం కాగితం మీద రాసి చూపించారు. కార్డును మదర్‌బోర్డుకు కలిపే రైజరు మీద పెట్టిన కార్డు స్లాటు నుంచే 75 వాట్ల దాకా లాగవచ్చు. ఆ రైజరుకు కరెంటిచ్చిన సాటా కనెక్టరు 12 వోల్టుల మీద మోసేది 54 వాట్లే. పైగా మైనింగ్‌కు రాత్రీ పగలూ విరామం లేదు. అందుకే రైజరుకు, కంప్యూటరుకు కరెంటునిచ్చే ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 6 పిన్నుల తీగే నేరుగా వేయాలి.

తర్వాత ఎస్ఎంపీఎస్ లెక్క. ఆర్టీఎక్స్ 3070 కార్డు 220 వాట్లది. నాలుగు పెడితే 880. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఫ్యాన్లకు ఇంకో వంద వేసుకున్నారు.

"వెయ్యి వాట్లది సరిపోదా అన్నా?" అన్నాడు మావాడు.

"80 శాతం దాటించొద్దు తమ్మీ. 1,300 వాట్లది తీసుకో. 80 ప్లస్ గోల్డ్ అయితే కరెంటు వేడి కింద వృథా పోవుడు తగ్గుతది."

ఇథీరియం 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌కు స్వస్తి చెప్పాక ఎందరో రిగ్గులు విప్పి కార్డులు అమ్ముకున్నారు. అలాంటి పాత కార్డు కొంటే ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు చూసుకోమని, కాసేపు పూర్తి లోడు మీద నడిపించి చూడందే డబ్బులివ్వొద్దని ఆయన మరీ మరీ చెప్పారు.

రిగ్గు గోడ నుంచి కిలోవాటు లాగినా రోజుకు 24 యూనిట్లు, నెలకు 720. నాణేలు అమ్మితే వచ్చే లాభంపై 30 శాతం పన్ను; ఈ కరెంటు బిల్లును అందులో మినహాయించరు. ఈ సంగతి మావాడికి నేనే చెప్పాను. ఇన్ని లెక్కలూ పిల్లల ఉత్సాహాన్ని నీరుగార్చాలని కాదు, వాళ్లు పడుకునే గదిలో నిప్పు రాజుకోకూడదని నా తపన.

ఇంటికి రాగానే వాడి మంచం పక్కనున్న ప్లగ్గు చూశాం. 6 ఆంపియర్లది.

"16 ఆంపియర్ల పాయింటు, ఎర్తింగు వేయించాకే కార్డులు బాబాయ్," అన్నాడు వాడే.