తెరమీది మంజీర

గడచిన సంవత్సరము మా పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకై, నిజాంసాగరు గేట్లు తెరచినపుడు మంజీర నీరు దుముకు దృశ్యమును కంప్యూటరుపై చూపవలెనని సంకల్పించితిమి. 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ ఆనకట్టను చూడని విద్యార్థి మా తరగతిలో లేడు. ఆ సంగతి మాకు ముందే తోచియుండవలసినది.

బ్లెండరు అను ఉచిత సాఫ్ట్‌వేరులో నీటికొక పెట్టె కట్టవలెను. యంత్రము దానిని గడులుగా విభజించి, ప్రతి గడిలోని నీటి చలనమును ఒక్కొక్క ఫ్రేమునకు లెక్కించును. ప్రతి ప్రక్కను గడులు రెండింతలైనచో మొత్తము ఎనిమిదింతలగును. మా పాత యంత్రము ఆ బరువు మోయలేక, నీటిని ఈడ్చి ఈడ్చి చూపెను. బోధను చెరకు సీమ బిడ్డలు గదా, “బెల్లం పాకం లెక్కుంది సారూ” అని నవ్విరి.

మేము తొందరపడి టైమ్ స్కేల్ అను అంకెను పెంచితిమి. ఆ మందగమనము నీటిది గాక లెక్కది యని అప్పుడు గ్రహింపలేదు. ఫ్రేములన్నిటిని ముందుగా లెక్కింపించి డిస్కులో దాచినచో (దీనినే బేక్ చేయుట యందురు) సెకనుకు 24 చొప్పున చక్కగా ఆడును. టైమ్ స్కేల్ మార్చినచో నీటి కాలమే మారిపోవును. తరువాత బేక్ చేసితిమిగాని, అంకెను మాత్రము వెనుకకు త్రిప్పలేదు.

తొమ్మిదవ తరగతి బాలుడొకడు “సారూ, కట్టనీళ్లు గిట్ల దుంకవు” అనెను. పాఠము వినుమని గద్దించి కూర్చుండబెట్టితిమి. ప్రదర్శన దినమున వాని తండ్రి, కాలువక్రింద వరి పండించు రైతు, తెరయెదుట కొంతసేపు నిలిచి, “గివి బిందెనీళ్లు సారూ” అని మెల్లగా చెప్పి వెడలిపోయెను.

ఆ రాత్రి కాగితము తీసి లెక్కవేసితిమి. అడ్డులేక 30 మీటర్లు పడుటకు సుమారు రెండున్నర సెకనులు పట్టును. 30 సెంటీమీటర్లకు పావు సెకను చాలును. ఎత్తు నూరవ వంతైన కాలము పదవ వంతగును. కన్ను ఆ కాలమును బట్టియే నీరు గొప్పదో కొంచెమో పోల్చును. సినిమాలలో బొమ్మ ఆనకట్టలను త్రెంచునపుడు కెమెరాను వేగముగా నడిపి మెల్లగా చూపుట ఇందులకే. మేము కట్టిన కట్ట యంత్రపు కొలతలో మూరెడైనను లేదు. దానికితోడు వేగమును పెంచితిమి!

అంకెను పదవ వంతునకు దించి, రాత్రియంతయు బేక్ చేయించితిమి. ఉదయమున ప్రార్థన ముగిసినపిదప ఆ బాలుని పిలిచి, తరగతి యెదుటనే “నీవు చెప్పినదే సరి, నాయనా” అంటిమి. వాడు మావైపు చూడలేదు. తెరపై నీరు నిదానముగా విరిగి పడుచుండగా చూచుచు, “మరి చప్పుడు లేదు గదా సారూ” అనెను.