ఏరు అడిగిన పిల్లవాడు

2022 మార్చిలో ఒకరోజు పేపర్లో ఒక ఫోటో చూశాం. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద చంటిపిల్లల్ని తోసుకెళ్లే బండ్లు వరసగా ఉన్నాయి. వాటిలో పిల్లలు లేరు, పక్కన తల్లులూ లేరు. ఐదో తరగతి పిల్లలు ఆ పేపరు చుట్టూ మూగి "ఈ బండ్లు ఎవరివి సార్?" అని అడిగారు.

అది పోలండ్‌లోని ప్షెమిషిల్ స్టేషన్. ఉక్రెయిన్ మీద ఫిబ్రవరి 24న రష్యా యుద్ధానికి దిగింది. సరిహద్దు దాటి చంకలో బిడ్డతో రైలు దిగే తల్లుల కోసం పోలండ్ తల్లులు ఆ బండ్లు అక్కడ వదిలి వెళ్లారు. ఇదంతా చెబితే ఒక పిల్ల, "మరి వాళ్ల నాన్నలు?" అంది. 18 నుంచి 60 ఏళ్లలోపు మగవాళ్లను చాలామటుకు దేశం దాటనివ్వలేదు. నాన్నలు సరిహద్దు దాకా వచ్చి ఆగిపోయారు. అది విన్నాక తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం మాకు కొత్త కాదు. ఎందుకు కాదో తర్వాత చెబుతాం.

మేం కోయ టీచర్లం. టీటీసీ చదివి, గోదావరి, శబరి ఒడ్డు ఊళ్లలో ఇరవై ఏళ్లుగా పలకలు దిద్దిస్తున్నాం. మాలో ఒకరి మేనకోడలు ఖార్కివ్‌లో డాక్టరు చదువుతుండేది. యుద్ధం మొదలయ్యాక మెట్రో స్టేషన్లో తలదాచుకుని, నిలబడే రైల్లో ల్వివ్ చేరి, సరిహద్దు దాకా మంచులో నడిచింది. అప్పుడు మన ప్రభుత్వం ఆపరేషన్ గంగ పేరుతో నడిపిన విమానాల్లో వచ్చినవాళ్లలో తనూ ఒకతి. ఇల్లు చేరిన కొన్నాళ్లకు మా బడికొచ్చి పిల్లలతో మాట్లాడింది. బాంబుల గురించి తక్కువే చెప్పింది. ఎక్కువగా చెప్పింది సరిహద్దు అవతల ఒక చర్చి హాల్లో పడుకున్న రాత్రి గురించి.

"ముందు వేడి సూప్ ఇచ్చారు సార్. తర్వాత పొడి సాక్సులు ఇచ్చారు. ఒక ముసలామె నా తడి సాక్సులు తీసుకెళ్లి రేడియేటర్ మీద ఆరేసింది. నీ మతమేంటని ఎవరూ అడగలేదు."

ఆ పిల్ల ఇంట్లో సమ్మక్క సారలమ్మలకు మొక్కుతారు. ఆమె చెప్పింది విని మేం కొంత చదివి తెలుసుకున్నాం. ఆ రోజుల్లో సరిహద్దుకు దగ్గరున్న హెల్మ్ పట్టణంలో బాప్టిస్టు చర్చి తన గదుల నిండా పడకలు వేసింది. ల్వివ్‌లో సలేషియన్ ఫాదర్లు నిర్వాసితుల కోసం నడిపిన రేకు గదుల ఊరికి మరియాపోలిస్ అని పేరు పెట్టారు. మరియుపోల్‌లో కారితాస్ అనే క్రైస్తవ సేవాసంస్థ కేంద్రం మీద మార్చిలో గుండు పడి, అక్కడ పనిచేసేవాళ్లు ఇద్దరు, వాళ్ల ఇంటివాళ్లతో కలిపి ఏడుగురు చనిపోయారు. అన్నం పెట్టే చోటు కూడా మిగల్లేదు. యుద్ధం మొదలైన నెలలోపే 43 లక్షల మంది పిల్లలు ఇల్లు వదిలారని యునిసెఫ్ చెప్పింది. ఆ దేశంలో ఉన్న పిల్లల్లో సగం కంటే ఎక్కువ.

చర్చి సాయం అంటే మా ఊళ్లలో ఒక అనుమానం ఉంది. దాచుకోనక్కర్లేదు. బియ్యం వెనక ప్రార్థన వస్తుందని, ప్రార్థన వెనక వేల్పు పోతాడని మా పెద్దలు అంటారు. ఆ మాటలో నిజం లేదని మేం అనం. కానీ చలిలో వణికే పిల్లకు సాక్సులు ఇచ్చిన ముసలామెను ఆ మాటతో కొలవలేం. పైగా మాకు అడిగే హక్కు ఎంతుందో కూడా చూసుకోవాలి.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు కాలిపోయాయి. మా భాష మాట్లాడేవాళ్లే, మాతో పెళ్లి సంబంధాలున్నవాళ్లే, అడవి దాటి మా వైపు వచ్చారు. జనం వాళ్లను గుత్తికోయలు అన్నారు. వాగు పక్కన ఆకుల గుడిసెలు వేసుకున్నారు. అప్పుడు మాలో ఒకరు పనిచేసే బడికి ఒక పిల్లవాడు వచ్చాడు. వాడి నాన్న వెంట రాలేదు. ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. ఇందాక చెప్పిన మౌనం ఇదే.

వాడు వారం రోజులు నోరు విప్పలేదు. ఎనిమిదో రోజు తెలుగు సారు దగ్గరికెళ్లి "ఏరు" అన్నాడు. సారు "ఏటికి పోకూడదు, కూర్చో" అన్నాడు. వాడు మళ్లీ "ఏరు" అన్నాడు. సారు బెత్తం తీశాడు. కోయ భాషలో ఏరు అంటే నీళ్లు. వాడికి దాహం వేసింది, అంతే. పక్క గదిలోంచి మేం వెళ్లి చెంబుతో నీళ్లిచ్చేసరికి వాడి కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఇదే మాట ఉక్రెయిన్ పిల్లల గురించి చదివినప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల భాషలో దివాన్ అంటే సోఫా. పోలిష్‌లో అదే మాటకు తివాచీ అని అర్థం. దగ్గర భాషలే ఒక్కోసారి ఎక్కువ తికమక పెడతాయి. పోలండ్ బడుల్లో ఈ పిల్లల కోసం ఉక్రెయిన్ భాష వచ్చిన సహాయకులను పెట్టుకున్నారు. చాలామంది పిల్లలు అక్కడి బడికెళుతూనే ఫోన్లో సొంత దేశపు పాఠాలు కూడా వినేవారు. ఒక రోజుకు రెండు బళ్లు. ఖార్కివ్‌లోనే ఉండిపోయిన పిల్లలకు 2023 నుంచి మెట్రో స్టేషన్లలోనే తరగతి గదులు కట్టారు. టీచర్లుగా అది చదివి మేం చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం.

యుద్ధం మొదలైన తొమ్మిదో రోజుకల్లా, మార్చి 4న, ఐరోపా సమాఖ్య దేశాలు కలిసి ఒక నిర్ణయం చేశాయి. ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లకు ఉండే హక్కు, పనిచేసే హక్కు, పిల్లలకు బడి. మంచి పని. ఆ పిల్లలకు దక్కిందని మాకు ఏ కడుపుమంటా లేదు. కానీ ఒకే దేశంలో ఒక రాష్ట్రపు గీత దాటి వచ్చిన మా బంధువులకు ఇన్నేళ్లయినా ఎస్టీ సర్టిఫికెట్ రాదు. అవతల షెడ్యూల్డ్ తెగ, ఇవతల ఎవరూ కారు.

ఇంకో సంగతి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఒక వానాకాలం ముందు ఆ వాగు పక్క గుడిసెలు పీకేశారు. కుండలు పగలగొట్టారు. ఆ సాయంత్రం టార్పాలిన్లు, రెండు బస్తాల బియ్యం ట్రాక్టరులో తెచ్చింది పక్క ఊరి పాస్టరు. మేం వెళ్లలేదు. ఉద్యోగానికి ముప్పొస్తుందని భయపడ్డాం. చీకటి పడ్డాక ఒక సంచి ఉప్పు, పాత బట్టలు పిల్లలతో పంపించాం. ఆ పాస్టరు ప్రార్థన చేయించాడా లేదా అని మర్నాడు మాలో మేం చర్చించుకున్నాం కూడా. ఆ చర్చ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏరు అడిగిన పిల్లవాడు ఏడో తరగతితో ఆపేశాడు. మిరప తోటల్లో కూలికి పోయేవాడు. పోయిన జూన్‌లో కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చడానికి మా దగ్గరికే తీసుకొచ్చాడు. రిజిస్టరు తెరిచాం. పేరు రాశాం, తండ్రి పేరు రాశాం. కులం గడి దగ్గర పెన్ను ఆగింది. అతను మా చేతివైపే చూస్తున్నాడు. పిల్ల అతని చొక్కా పట్టుకు లాగి, మెల్లగా "ఏరు" అంది. మాలో ఒకరు లేచి కుండ దగ్గరికి వెళ్లారు.